తడి లెక్క

సింగపూరు ఎంత దూరమని పైడితల్లి అడిగింది,
చేతిలో పీత, పళ్ల మధ్య పురికొస.
ఫోన్లో చూసి చెప్పాను:
రెండువేల ఏడొందల కిలోమీటర్లు, అటూ ఇటుగా.
"కిలోమీటర్లు నానేటి సేసుకుంతాను బాబూ,
గోనె ఎన్ని గంటలు తడిగుండాలో సెప్పు."

గాల్లో నాలుగు గంటలు.
అంతకుముందు ఎయిర్‌పోర్టులో ఆరు.
అంతకుముందు ఎన్‌ఏడీ దగ్గర లారీల వెనక ఎంతసేపో
అది ఏ ఫోనూ చెప్పదు.
వేళ్లు ముడిచి లెక్కేసి
గోనెను ఇంకోసారి బకెట్లో ముంచింది.

డెక్కల మీద రెండు చుట్లు, కడుపు కింద ఒక ముడి.
నిన్న రాత్రి దాకా భీమిలి ఏటి బురదలో
అడ్డంగా తప్ప నడవని జీవం
ఈ రాత్రి మొదటిసారి తిన్నగా పోతుంది.

అక్కడ దిగేసరికి గడియారం
మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందన్నాను,
తెలిసినవాడిలా.
ముడి వేస్తున్న చెయ్యి ఆగింది.
"మరా రెండున్నర గంటలూ దాన్ని ఎవులు తడుపుతారు?"

నేను జవాబు వెతుక్కుంటుండగానే
తూకం అయిపోయింది. పెట్టెలు వ్యాను ఎక్కాయి.
హార్బరు మీద ఎండ వాలింది.

కాలు విరిగిందని పక్కన పడేసిన పీత ఒకటి మిగిలింది.
ఖాళీ కేరేజీలో పెట్టుకుని
పెదజాలారిపేట ఆటో కోసం నిలబడింది పైడితల్లి.
ఇంటికి ఏడు కిలోమీటర్లు ఉంటుందేమో.
మూత వేసే ముందు
దాని మీదా ఒక తడిగుడ్డ కప్పింది.