ఇరవై అయిదో తారీఖులోగా

విద్యా కార్యాలయం నుంచి కవరొచ్చింది,
పంటు మీద, పాల క్యాన్ల మధ్య,
ఓ మూల తడిసి.
"ప్రియమైన ప్రధానోపాధ్యాయులకు క్రీస్తునందు శుభములు.
మీ పాఠశాల వార్తలు యాభై మాటల్లో
ఇరవై అయిదో తారీఖులోగా పంపగలరు.
ఫొటో ఉంటే మంచిది.
అందులో పిల్లలు నవ్వుతుంటే మరీ మంచిది."

కింద, చిన్న అక్షరాల్లో,
నలభై మందికి తగ్గిన బడుల్ని
వచ్చే జూన్ నుంచి నరసాపురం బడిలో కలిపే సంగతి
పరిశీలనలో ఉందట.
పరిశీలన అన్న మాట ముప్పయ్యేళ్ళుగా వింటున్నాను.
బావిలో తెగిపడ్డ చేద చప్పుడు అది.
పడిందని తెలుస్తుంది,
ఎంత లోతుకో తెలీదు.

మా రిజిస్టర్లో ముప్పై ఎనిమిది.
గుమస్తా బాలశౌరి మూడుసార్లు లెక్కపెట్టాడు,
మూడోసారి వేలు తడి చేసుకుని,
పేజీలేమన్నా అంటుకుపోయాయేమోనని.

యాభై మాటల్లో ఏం రాయను ఫాదర్?
ఆగస్టు వరద ఒకటో తరగతి గోడ మీద
ఎందాకా ఎక్కిందో
పిల్లలే బొగ్గుతో గీత గీసి, దాని పక్కన
తమ ఎత్తులు గీసుకున్నారు.
ఆరోగ్యరాజు వరదకంటే మూడు వేళ్ళు పొడుగు.
రోజూ ప్రార్థన గంటకి ముందే వచ్చి
గోడకి వీపు ఆనించి సరిచూసుకుంటాడు.
ఇది వార్త అవుతుందా?

తెలుగు మాష్టారు ఇన్నయ్యగారు రిటైరై ఏడాదిన్నర.
ఎయిడెడ్ పోస్టు ఆయనతోనే పోయింది,
ఆయన మాత్రం పోలేదు.
మంగళవారం, శుక్రవారం సైకిలు మీదొచ్చి
జీతం లేకుండా గురువులూ లఘువులూ విడదీయిస్తారు.
టీ ఇస్తే వద్దనరు,
పంచదార తక్కువంటారు.
సిబ్బంది పట్టికలో ఆయన్ని ఏ గడిలో పెట్టాలో
కంప్యూటరుకీ తెలీదు, నాకూ తెలీదు.

రెండో పేజీలో అగ్నిమాపక ధ్రువపత్రం అడిగారు.
మూడు వైపులా గోదారి,
నాలుగోవైపు రొయ్యల చెరువులు.
నవ్వొచ్చింది.
తర్వాత వంటశాల తాటాకు కప్పు వైపు చూసి
నవ్వడం మానేశాను.

సాయంత్రం చెరువుగట్ల మీద నడిచాను, ఇద్దరి కోసం.
ఏరేటర్లు నీళ్ళని చితక్కొడుతున్నాయి.
కాపలా పాకలో గంజాం నుంచొచ్చిన కుటుంబం.
పిల్ల పేరు ఝిల్లి, తొమ్మిదేళ్ళుంటాయి.
తమ్ముడు బులు, దాని చంకలో.
"లెక్కలొచ్చా?" అన్నాను.
మేత బుట్టలు ఒరియాలో లెక్కపెట్టింది,
రొయ్యల రేటు తెలుగులో చెప్పింది.
"నలభై కౌంటు కన్నా ముప్పై కౌంటుకే ఎక్కువిస్తారమ్మా.
కేజీకి లెక్క తగ్గితే
రొయ్య పెద్దదన్నమాట."

గట్టు మీద కాసేపు నిలబడిపోయాను.
ఈ పిల్లని పంపాలి ఫాదర్, మీ పరిశీలనకి.

తొంభై రోజులకి పట్టుబడి.
పట్టుబడయ్యాక ఏ చెరువుకో
వాళ్ళ నాన్నకే తెలీదు.
ఆధార్ గడి ఖాళీ, పుట్టిన తేదీ
"వానల్లో, అమ్మమ్మ ఇంట్లో."
నేను వెళ్ళింది పిల్లల కోసమా, అంకె కోసమా?
శనివారం పాపసంకీర్తనంలో ఇది చెప్పుకోవాలి.
బులుకి అయిదేళ్ళు నిండాయని
వాళ్ళమ్మ ఒట్టేసింది.
నేను ఒట్టు అడగలేదు.

ఇవాళ ఫొటో తీశాడు బాలశౌరి.
నలభై మందీ బొగ్గు గీత కింద.
ఎవరూ నవ్వలేదు,
ఎండ సూటిగా కళ్ళల్లో పడుతోంది.
ఝిల్లి తన గీత తనే గీసుకుంది.
వరదకి జానెడు కింద.

ఆ జానెడు దగ్గర ఆగిపోయాను.
యాభైలో పదకొండు మాటలే అయ్యాయి.
రేపు ఇరవై అయిదు.
ఆఖరి పంటు ఆరున్నరకి.