ఒక బెజ్జం లోపలికి

ఆటోనగర్ నాలుగో క్రాసులో
లారీ పట్టీల కొలిమి పక్కన నా రేకుల షెడ్డు.
బొంతు సువార్తమ్మ తన బండిని
ట్రాలీ ఆటోలో ఎక్కించుకొచ్చింది.
మూతబడిన ఏదో రిసార్టు వాళ్ళు తెగనమ్మిన ఏటీవీ,
ముందు బంపరు మీద సగం చెరిగిన డాల్ఫిన్ బొమ్మ.

"లంకలో తిప్పుతానయ్యా.
మునగతోటల్లో నా తేనెపెట్టెలు.
వరద తీశాక అరటి మొద్దులన్నీ
దారి మీదికొచ్చి కూర్చున్నాయి,
ప్రతి మొద్దూ దీని పొట్ట గీకుద్ది.
ఎత్తు కావాలి.
ముందు రాక్ మీద పెట్టె మాత్రం అదరకూడదు.
అదిరితే పట్టు విరుగుద్ది,
విరిగితే ఈగలు నన్ను అడుగుతాయి."

"అడుగుతాయా, కుడతాయా?"

"అవి అడిగే పద్ధతి అదే."

ఆ రోజు నాకు బద్ధకం.
షాకుల మెడ తిప్పి స్ప్రింగులు బిగించాను,
అంతే, రెండంగుళాలు లేచింది.
టేపు పెట్టి మరీ చూపించాను,
ఏడున్నర ఉన్నది తొమ్మిదిన్నర.
ఐదొందలు తీసుకున్నాను.

మూడో రోజు మళ్ళీ వచ్చింది.
ఎడమ కన్ను మూసుకుపోయింది,
పెదవి బూరెలా పొంగింది.
తిట్టలేదు.
"మొద్దు తగల్లేదు" అంది,
"మిగతావన్నీ తగిలాయి."

బిగించిన స్ప్రింగు
నిటారుగా నిలబడుతుంది గాని
వంగడం మర్చిపోతుంది.
గులకరాయిని సైతం
వెన్నుపూస దాకా మోసుకెళ్ళి చూపిస్తుంది.
నేనూ కొన్నేళ్ళు అలాగే ఉన్నాను,
అది వేరే సంగతి.

వీరభద్రాచారి లేతు ఆపి వచ్చాడు.
కింది ఆర్ముని బెత్తెలతో కొలిచాడు.
"షాకు కాలు ఒక బెజ్జం లోపలికి జరుపు,
ఛాసిస్ వైపుకి.
చక్రం కిందికి జారుద్ది, బండి లేస్తుంది,
చక్రం ఆడుకోడానికి చోటూ మిగుల్తుంది."

"మెత్తబడి కూలబడదా?"

"కూలబడుద్ది. అందుకని తీగ కాస్త లావుండే స్ప్రింగు.
మరీ లావొద్దు.
పప్పులో ఉప్పు వేసినట్టు."

రాత్రి పదింటి దాకా కోశాం, అతికాం.
మూడంగుళాలు ఇద్దామని నా ఆశ.
బాల్ జాయింటు రెండుంబావు దగ్గరే
మెడ అడ్డంగా ఊపింది.
వినకపోతే నడి ఏట్లో విరిగేది అదే గనక
విన్నాం.
స్టీరింగు రాడ్లు మళ్ళీ కొలిచి కట్టాం,
చక్రాలు ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకోకుండా.
షాజహాను గ్రీజు గన్ను పట్టుకునే నిద్రపోయాడు,
చెయ్యి మాత్రం నొక్కుతూనే ఉంది.

తెల్లారగట్ల షెడ్డు ముందు
టీ గ్లాసు నిండా నింపి రాక్ మీద పెట్టబోయాను.
"టీకేం తెలుసు" అంది సువార్తమ్మ.

యనమలకుదురు కరకట్ట దిగాం.
చీకట్లో ఒక పెట్టె ఎత్తి, గుమ్మానికి గుడ్డ కట్టి,
ముందు రాక్ మీద తాళ్ళేసి బిగించింది.
నేను వెనక కూర్చుని, ఆమె భుజం మీంచి వంగి,
చెవి ఒక్కటే అటు పెట్టాను.

మొదటి మొద్దు.
ఎడమ చక్రం ఎక్కింది, ఆర్ము మడుచుకుంది,
షాకు ఒక్క ఊపిరి మింగి
నిదానంగా వదిలింది.
లోపల వేల రెక్కలు
అదే శ్రుతి.
రెండో మొద్దు దగ్గర ఒక్కసారి గొంతు పెంచాయి,
మళ్ళీ సర్దుకున్నాయి,
బస్సులో జరిగి కూర్చున్న జనంలా.
ఇద్దరం మాట్లాడలేదు.
గుడ్డ వెనక అవి ఏం అడుగుతాయోనని.

ఏమీ అడగలేదు.

పెట్టె దించి తిరిగొస్తుంటే
ఖాళీ బండి కొంచెం గట్టిగానే కొట్టింది.
బరువు కోసం తూచిన స్ప్రింగు,
బరువు దిగితే అంతే.
ఆ మాట చెబుదామా వద్దా అనుకుంటుంటే
"దీనిక్కూడా పని లేకపోతే తోచదు" అంది.

బిల్లులో మూడొందలు తగ్గించి ఇచ్చింది.
కంటికి రెండొందలు,
పెదవికి వంద.