ఒకటికి నలభై ఎనిమిది

పెన్‌హాలో గారు మళ్ళీ వచ్చారు.
వానకోటు లోపల, రొమ్ముకి ఆనించుకుని
చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చారు
ఆ కాగితాల చుట్ట.

ఈస్ట్ కౌస్‌లో, గొలుసు పడవ రేవుకి ఎదురుగా
మాదొక జిరాక్సు కొట్టు.
తప్పిపోయిన పిల్లుల బొమ్మలు,
చర్చి వాళ్ళ ప్రార్థన పత్రాలు, అద్దె ఒప్పందాలు,
మా బేరం ఇంతే.
ఈయనొక్కరే ఒక రాజుగారి ఓడని
తొమ్మిది షీట్లుగా మోసుకొస్తారు.

"మీ మిషను సాగదీసింది" అన్నారు.
అడుగున గీసిన కొలబద్ద మీద
స్టీలు స్కేలు ఆనించి చూపించారు.
నూలుపోగంత తేడా.
"నూలుపోగుని నలభై ఎనిమిదితో హెచ్చవెయ్యి,
మనిషి వేలు ఇరుక్కునే సందు."

మళ్ళీ తీశాను. మళ్ళీ.
చెమ్మకి కాగితం ఉబ్బుతుంది, నేనేం చెయ్యను?
సముద్రం పక్కన కాపురం పెట్టి
పొడి కాగితం ఎక్కణ్ణుంచి తేను?

అసలు ఓడ లేదిప్పుడు.
రాజు పోయాక ఎనిమిదేళ్ళు మెడినా నది బురదలో కూర్చోబెట్టి
పలకలు పలకలుగా అమ్మేశారట.
ఒక పలక పబ్బులో గల్లా బల్ల,
ఒకటి ఎవరిదో కోళ్ళగూటి తలుపు.

గీసినవాడు మాత్రం ఏదీ వదల్లేదు.
రాణిగారి స్నానపు తొట్టికి పులిపంజా కాళ్ళు నాలుగూ గీశాడు,
సారా అరలో సీసాకొక సున్నా చుట్టాడు.
ముందు కొసన, లంగరు గొలుసు పక్కన
ఒక ఖాళీ ముక్కోణం.
అందులో రెండే మాటలు:
సిబ్బంది, ఇరవయ్యారు.
పడక లేదు, కిటికీ లేదు, తలుపైనా లేదు.

ఆ మూల పెద్దది చేసిమ్మన్నారు.
"ఎంత పెద్దది చేసినా ఖాళీ ఖాళీయే కదండీ"
నోరు జారాను.
ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

ముత్తాత పేరు జేబెజ్ అట.
చలికాలమంతా పీతల బుట్టలు,
ఎండాకాలం రాజుగారి తెరచాపలు.
ఒక ఆగస్టు పందెంలో పైకొయ్య మీంచి జారాడు.
ఓడ దినచర్యలో ఆ రోజు ఒకే వరస:
గాలి నైరుతి. ఒక మనిషి నష్టం. మూడో స్థానం.

ఆదివారం ఏడో షీటు ఇవ్వడానికి
ఏరు దాటి ఆయన షెడ్డుకి వెళ్ళాను.
జిగురు వాసన, చల్లారిన టీ,
మూరన్నర ఓడ, ఎముకలు కనపడుతూ.
ఆ ముక్కోణంలో
కట్టుగుడ్డ పీలికలతో ఉయ్యాల పడకలు,
లెక్కపెట్టాను, ఇరవయ్యారు.
రేపు పైన డెక్కు మూసేస్తారట.

"ఇంక ఎవరికీ కనిపించవు కదా?"
"అప్పుడూ కనిపించలేదు."

నూట అరవై అడుగుల కొయ్య
బల్ల మీద రెండు మూరల బెత్తెడు.
దాని చివర ఒక మనిషి,
బొటనవేలి గణుపంత,
పియర్ చెక్కతో చెక్కింది, ముఖం ఇంకా రాలేదు.
జిగురు ఆరనట్టుంది.
నేను చూస్తుండగానే ఒరిగాడు.

కింద ఆయన ఎడమ చెయ్యి ఉంది,
దోసిలిలో సగం.
కుడిచేత్తో తాడు ముడి వేసుకుంటూనే ఉన్నారు,
తల కూడా ఎత్తలేదు.
పొద్దుట్నుంచీ ఆ చెయ్యి
అక్కడే ఉన్నట్టుంది.

గొలుసు పడవ సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది,
ఏడో షీటుకి డబ్బు తీసుకోలేదు.