మూడో గది కాపలా

బీచ్ రోడ్డు మ్యూజియంలో
మూడో గదికి కాపలా నేను.
ఒక కుర్చీ, ఒక పాతగుడ్డ,
నాలుగింటికల్లా వాచిపోయే రెండు పాదాలు.
ఎదురుగా బాంబు.
నలభై రెండులో ఆకాశం నుంచి పడింది,
పేలడం మరిచిపోయింది.
బడిపిల్లలు దాని ముక్కు తడతారు.
"పేల్తాదా అక్కా?"
"అది పేల్దు. నేను పేల్తాను. చెయ్యి తియ్."

మా అమ్మమ్మ కాసులమ్మని
ఆ రోజు ఊరెలా ఖాళీ అయిందో చెప్పమంటే
పొయ్యి మీద చోళ్లంబలి సంగతి చెప్పేది.
"దించకుండా ఎల్లిపోనామే" అనేది.
విమానాల గురించి ఒక్క ముక్క లేదు.
గుప్పెడు చోళ్లు, అవీ అరువువి,
మాడిపోయాయి.
చచ్చేదాకా ఆ కుండ అడుగు గోకుతూనే ఉంది
నోటితో.

మొన్న శుక్రవారం కురిహార గారు వచ్చారు.
తెల్లచొక్కా, ఎడమ మోకాలు సాయం అడిగే నడక.
బాంబు దగ్గర ఆగి
పలక మీది అక్షరాలు రెండుసార్లు చదివారు.
నేను కుర్చీలో సర్దుకు కూచున్నాను.
ఏదో అంటారనుకున్నాను.
తల వంచుతారనుకున్నాను.
నాకు కోపం రావాలేమో అని కూడా అనుకున్నాను,
వెతికితే దొరకలేదు.
ఆయన జేబులోంచి రుమాలు తీసి
పక్క గాజుపెట్టె మీద
పిల్లల వేలిముద్రలు తుడవసాగారు.
గుండ్రంగా కాదు,
పైనుంచి కిందికి, మాలాగే.

"ఏటండీ, అది నా పని" అన్నాను.
ఆయన ఫోనుతో మాట్లాడారు,
ఫోను నాతో తెలుగులో మాట్లాడింది
రేడియోలో ధరవరలు చదివే ఆవిడలా:
"క్షమించండి. మా ఊళ్లో నాదీ ఇదే ఉద్యోగం."

చిన్న ఊరట.
పాత గుడి పునాదిరాళ్ల నడుమ,
వరిచేల గట్టున మ్యూజియం.
ముప్పై ఒక్క ఏళ్లు.
వానాకాలం మనుషుల కంటే కప్పలే ఎక్కువ వస్తాయట.
కుర్చీ ఇస్తారా అని అడిగాను.
ఇవ్వరట.
అక్కడ నాకు ఆయన మీద జాలేసింది.

సోమవారం నా సెలవు.
భీమిలి బస్సెక్కించి తొట్లకొండకి తీసుకెళ్లాను.
మంగమారిపేట దగ్గర
ఎండుచేపల వాసనకి కళ్లు మూసుకుని నవ్వారు,
ఏ రేవు గుర్తొచ్చిందో.
కొండ మీద గాలి తప్ప ఎవరూ లేరు.
ఇటుకల స్తూపం, మోకాలెత్తు గోడల గదులు,
భిక్షువులు నీళ్లు తోడుకున్న రాతి తొట్లు,
ఒక తొట్టిలో చిప్స్ ప్యాకెట్.
ఇద్దరం ఒకేసారి వంగాం.
నా చెయ్యే ముందు అందింది.

ఆయన స్తూపం గురించి అడగలేదు.
"వంటిల్లు ఎక్కడ?" అంది ఫోను.
చూపించాను.
సముద్రం వైపు వీపు పెట్టి
ఆ నేలనే చూస్తూ నిలబడ్డారు చాలాసేపు.
అప్పుడు చెప్పేశాను, చోళ్లంబలి సంగతి.
ఫోను తడబడి
"దొంగలు మాడిపోయారా?" అని అడిగింది.
"దొంగలు కాదండీ, గింజలు.
ఎర్రగా, ఆవగింజంత."
వేళ్ల మధ్య కొలత చూపించాను.
ఆయన ఆ వేళ్లనే చూశారు.

ఫోను ఆగి ఆగి చెప్పింది:
"మా గదిలో ఒక పెట్టె నిండా మాడిన వడ్లు ఉన్నాయి.
ఎప్పుడో ఎవరి కొట్టో అంటుకుంది.
అందరూ కత్తుల దగ్గరికి వెళ్తారు.
వడ్ల గాజు మీద ముద్రలుండవు.
అయినా రోజూ తుడుస్తాను."

బాంబు గురించి మేం మాట్లాడుకోలేదు.
దిగేటప్పుడు ఆయన మోకాలు మొరాయిస్తే
నా భుజం పట్టుకున్నారు,
బస్సులో మాత్రం కిటికీ సీటు నాకే వదిలారు.

మంగళవారం సూపరింటెండెంటు గారిని అడిగాను:
"బాంబు పక్కన మాడిన కుండ ఒకటి పెడదామాండీ?"
ఆయన కళ్లజోడు పైకి జరిపి,
"ఏదీ ఆ కుండ? ఇంట్లో ఉందా?" అన్నారు.
లేదండీ.
ఊరు సద్దుమణిగాక అమ్మమ్మ తిరిగొచ్చి
ఇసకేసి తోమి,
అందులోనే మళ్లీ ఎసరు పెట్టేసింది.