నాలుగ్గంటల రోగం

నా రేకుల షెడ్డులో అది ఒక్కనాడు మొండికెయ్యలా.
నీలం డ్రమ్ములో నీళ్ళు పోసి, అంచుకు బిగించి
మిట్టమధ్యాహ్నం ఒకే ఒక్కసారి తాడు లాగినా,
జమ్మలమడుగు బస్టాండు దాకా పొగ.

సుంకులమ్మ నవ్వలా.
"నీకాడ బుద్ధిమంతుడే మాబూ,
నాలుగ్గంటలకు నీళ్ళమీద చూడు దీని ఏషాలు.
లాగీ లాగీ ఈ భుజం నాది గాదిప్పుడు."

టూరిజం వాళ్ళు వేలమేస్తే కొన్నదంట.
మూత మీద కంపెనీ పేరు అరిగి రెండక్షరాలు మిగిలినాయి.
ఎనిమిది గుర్రాలని రాసుండాది,
ఎన్ని బతికుండాయో.

నాకు తెలిసినవి లూనాలు, మందు కొట్టే పంపులు.
నీళ్ళతో నా సావాసం
బోరింగు కింద కాళ్ళు కడుక్కునే కాడికే.
అయినా టూ స్ట్రోకు ఏడున్నా టూ స్ట్రోకే గదా.

ప్లగ్గు తీసినా. మసి. ఎమిరి పేపరుతో రుద్ది
ఇనుముకు ఆనించి లాగితే నీలంగా చిటుక్కుమంది.
బెజ్జం మీద బొటనేలు పెట్టినా,
ఎగదోసింది. ఊపిరుండాది.
కార్బొరేటరు గిన్నె అడుగున
బెల్లంపాకం మాదిరి గడ్డకట్టిన పాత పెట్రోలు.
కడిగినా. జెట్టులో వెంట్రుకంత తీగ దూర్చి
నోటితో ఊదినా.
"ఆయిలెంత కలుపుతావక్కా?"
"లీటరుకు ఒక మూత."
"ఏ సీసా మూత?"
"ఏది దొరికితే అది."

మూడుసార్లు ఆటోలో వచ్చింది, మూడుసార్లూ పలికింది,
మూడుసార్లూ మైలవరం పోయి మూగదయింది.
మూడోసారి ఆమె డబ్బులియ్యలా,
నేనడగలా.

రాత్రి పండుకున్నాంక తట్టింది:
ఈ రోగానికో వేళుండాది.
నేను దాని చెయ్యి పట్టుకుని చూస్తాండేది
అది కులాసాగా ఉన్నప్పుడు.

మాఘం చలిలో మోపెడ్డు మీద పోయినా.
డ్యాము నీళ్ళు తారు పోసినట్టు నల్లగా.
పడవ ఎక్కినా అంటే ఎక్కినా,
రెండు చేతులా అంచు పట్టుకుని కూలబడినా.
ఆమె లాగుతాంది. పది. పదకొండు.
దగ్గదు, తుమ్మదు.
"చోకు?"
"లాగినా, కనపళ్ళా?"
నిజమే, గుండీ బారెడు బయటుండాది.

మూత తీసి సెల్లు పళ్ళ మధ్య కరుచుకుని
ఆ వెలుగులో వంగినా.
గుండీ వచ్చింది, రేకు రాలేదు.
నడుమ కొక్కెం ఊడి
తీగ దాని పాటికది ఊగుతాంది.
ఎన్నేళ్ళుగా ఈయమ్మ లాగుతాండేది
ఒట్టి గుండీని.
షెడ్డులో నేనూ అంతే.
ఆ ఎండకు దానికి చోకుతో పనే లేదు.

అరచెయ్యి తీసి కార్బొరేటరు నోటికి అదిమినా.
"లాగక్కా."
లోపలికి పీల్చింది,
ఆకలి దూడ చనుకట్టుకు తగులుకున్నట్టు.
"మళ్ళా."
తడి. చల్లగా, ఘాటుగా.
"మళ్ళా."

కొంగలన్నీ ఒక్కపాలి లేచినాయి.
పక్కబొక్కలోంచి సన్నగా నీళ్ళు చిమ్ముతాంటే
సుంకులమ్మ అది చూసుకుంది, నన్ను చూడలా.
ఆపితే మళ్ళా వస్తాదో రాదోనని
కట్టు విప్పేసింది.

"అక్కా, దించు. నాకు ఈత రాదు."
"మోటారుకు గూడా రాదు, పోతాండ్లా?"

వలలు ఎత్తిందాకా నేను ఆ పడవలోనే.
చదివిన దువాలన్నీ అయిపోయి
మొదట్నుంచి మళ్ళా చదివినా.
పొద్దెక్కినాంక, గట్టున
సైకిలు బ్రేకుతీగ జానెడు కోసి వంచి కట్టినా.
రెండు నిమిషాల పని.
నూటయాభై ఇచ్చింది, ఒక బొచ్చె చేప.

అన్నం కలుపుతాంటే అరచేతిలో ఇంకా
గుండ్రంగా ఎర్రటి అచ్చు, పెట్రోలు వాసన.

మర్నాడు షెడ్డుకు లూనా ఒకటి వచ్చింది.
చలికి అందుకోడం లేదంట.
చోకు లాగినానని ఒట్టేస్తాండాడు ఆయప్ప.
సరేనన్నా,
స్క్రూడ్రైవరు తీసుకున్నా.