తప్పుగా రాసుకున్న సాయంత్రం

తాష్కెంట్ థియేటరు వెనక కుట్టుగదిలో
నాకు వీపు పెట్టి నిలబడింది ఆవిడ.
జాకెట్టు హుక్కు తెగింది.
కచేరీకి ఇంకా నలభై నిమిషాలు.

శరయూ సబ్నిస్.
బయట పోస్టర్లో ఇప్పటికీ ముప్ఫయ్యేళ్ల మనిషే.
ఇక్కడ నా సూది కింద
పెసరగింజంత పుట్టుమచ్చ,
సన్నగా వణికే భుజం,
నీలగిరి తైలం వాసన.
ఆ గొంతుకి ఒక వీపు కూడా ఉంటుందని
నేనెప్పుడూ అనుకోలేదు.

కదలకండి, అన్నాను ఉజ్బెక్‌లో.
కదల్లేదు.

మా అమ్మ జుల్ఖుమోర్
పత్తి గోదాములో సంచులు కుట్టేది.
జీతం రోజున సినిమాకి పోయేది,
ఒళ్లో నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు.
చీకట్లో, తెర మీంచి చూపు తిప్పకుండా
వినపడింది వినపడినట్టు రాసేది.
అందుకే ఆ పుస్తకంలో వరసలు
వాగు దాటే గొర్రెల్లా ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి.
ఒక్క పాట పూర్తవడానికి ఆరు టిక్కెట్లు పట్టేవి.
అర్థమేమిటే అమ్మా అంటే
ఏడుపొస్తోందిగా, ఇంకా అర్థం కూడా కావాలా
అనేది.

ఆ పుస్తకం ఇవాళ తెచ్చాను.
సంతకం కోసమని మేనేజరు బొతిర్‌తో అబద్ధమాడాను.
ఆవిడ తెరిచింది. అన్నీ రష్యా అక్షరాలు.
తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి
తన చెవిని వేలితో తట్టింది:
చదువు.

పెదాల మధ్య సూది తీసి
పాడాను.
చదవమంటే పాడాను, మరోలా ఆ మాటలు నాకు రావు.
రెండో చరణంలో చెయ్యెత్తి ఆపింది.

సాంస్ కాదు. సాంఝ్.

నాకు తేడా వినపడలేదు.
కిటికీ దగ్గరికి లాక్కెళ్లి
చినార్ల మీద ఎర్రబడుతున్న ఆకాశం చూపించింది: సాంఝ్.
తర్వాత నా అరచెయ్యి పట్టుకుని
తన నోటి ముందు పెట్టుకుంది.
వెచ్చగా, తడిగా, ఆగి ఆగి.
సాంస్.

అయితే యాభయ్యేళ్లుగా మా ఇంట్లో
పొద్దు వాలనేలేదు, ఊపిరే వాలుతూ వచ్చింది.
రొట్టె పిండి పిసుకుతూ అదే తప్పు.
చెల్లి జ్వరానికి తడిగుడ్డ వేస్తూ అదే తప్పు.
చివరి వారం ఆస్పత్రిలో
గొట్టం పక్కనుంచి అమ్మ పెదాలు కదిలితే
మేమిద్దరం అందుకుని పూర్తి చేసిందీ
ఆ తప్పే.

ఇదంతా చెప్పడానికి నాకు ఆవిడ భాష లేదు.
చేతులతో కొంత చెప్పాను. గొట్టం చూపించాను.
ఎంత తెలిసిందో తెలియదు.
నోటుబుక్కు మూసి నా చేతిలో పెట్టింది,
సంతకం చెయ్యకుండానే.
ఇంతలో బొతిర్ తలుపు కొట్టాడు.
పంటితో దారం తెంపాను.

పక్క తెర సందులోంచి విన్నాను.
పై స్థాయి రెండుసార్లు అందలేదు.
మెట్ల దగ్గర పెద్దవాళ్ల కోసం ఆగినట్టు
వయొలిన్లు ఆగాయి ఒకచోట.
ముందు వరసలో పతకాల కోట్ల ముసలాళ్లు
పెదాలు కదుపుతూ
ఆవిడకన్నా ముందే పల్లవికి చేరిపోతున్నారు.

రెండో చరణం వచ్చింది.
ఆవిడ కళ్లు మూసుకుంది.

సాంస్, అంది.

తబలా అతనొక్కడు తలెత్తి చూశాడు.
వయసు మీద పడిందిలే అనుకున్నాడేమో
మళ్లీ దించుకున్నాడు.
పతకాల ముసలాళ్లు ఏమీ గమనించలేదు.
వాళ్లూ ఏ చీకట్లో ఏం రాసుకున్నారో.

కచేరీ అయ్యాక నేను వాకిట్లోకి పరిగెత్తేసరికి
కారు మలుపు తిరిగిపోయింది.

ఒక్క మాట చెప్పాల్సింది.
ఆ హుక్కుకి అయిదు కుట్లు వెయ్యాలి.
మూడే వేశాను.
బొంబాయి చేరేదాకా
నిలిస్తే చాలు.