ఇనుప గొట్టం

ఉల్లి పీకే వారం
ఆ లోయలో గాలి కూడా కళ్లు తుడుచుకుంటుంది.
ట్రాక్టరు షెడ్డులో, ఎరువు బస్తాల మీద
పద్నాలుగు పేజీల కాగితం పరుచుకుని
హలీనా డోంబెక్ కళ్లజోడు వెతుక్కుంటోంది.
అది నెత్తిమీదే ఉంది. మేమెవరం చెప్పలేదు.

హలీనా.
నా భాషలో ఆ పేరు మొదట్లో ఒక నాగలి ఉందని
చెబుదామనుకున్నాను.
సర్వే వాళ్ల వెంట కొలటేపు మోసుకొచ్చినవాణ్ణి,
నాకెందుకని ఊరుకున్నాను.
అప్పటికే ఆమె వేలు
"శాశ్వతంగా" అనే మాట దగ్గర ఆగిపోయింది.

న్యూయార్క్ నగరానికి గంటన్నర దూరం.
ఇక్కడి నేల నలుపు కడిగితే పోదు.
పెళ్లి ఫొటోలో కూడా ఆమె గోళ్లలో ఉంది.
గోదాముల కంపెనీ వాళ్లు మూడుసార్లు వచ్చారు.
మూడోసారి వచ్చినతను మర్యాదస్తుడు,
బూట్లు విప్పి గట్టుమీద పెట్టి మరీ మడిలోకి దిగాడు.
"ఇంత చదునైన నేల ఎక్కడా చూడలేదమ్మా" అన్నాడు.
చదును!
వొయ్‌చెక్ తాత నడుం వంగిపోయింది
ఆ ఒక్క మాట కోసమే.

కాగితం అడుగుతున్నది ఇదీ:
నేల నీదే. దున్నుకో, అమ్ముకో,
నీ తర్వాత ఎవరికిచ్చుకుంటావో నీ ఇష్టం.
గోదాము అయ్యే హక్కు,
కాలనీ అయ్యే హక్కు,
ఎనిమిది వరుసల పార్కింగు అయ్యే హక్కు మాత్రం
మట్టిలోంచి ఏరి మా చేతిలో పెట్టు.
మేం దాన్ని ఎన్నటికీ వాడకుండా దాచిపెడతాం.
ముట్టే సొమ్ము, కంపెనీ ఇస్తానన్నదాంట్లో మూడోవంతు.

తమ్ముడు కాజిమీర్ సంతకం పెట్టనన్నాడు.
మోకాళ్లు రెండూ ఈ మళ్లలోనే అరగదీసుకున్న మనిషి,
అతని మాట తీసిపారేయడానికి లేదు.
"శాశ్వతమంటే ఎంతక్కా?
మనకంటే ముందు ఇదంతా చిత్తడి.
కొంగలుండేవి. తాబేళ్లుండేవి.
తాత కాలవలు తవ్వి వాటి నీళ్లు లాగేశాడు.
వాటికెవరు రాసిచ్చారు
పద్నాలుగు పేజీలు?"

లాయరమ్మ కలం మూత పెట్టింది.
మళ్లీ తీసింది.

హలీనా లేచి, రమ్మంది.
ఆరో మడి చివర, కాలవ ఒడ్డున
ఒక ఇనుప గొట్టం.
తాత దాన్ని దిగ్గొట్టిన రోజు
దాని తల నేలకు సమంగా ఉండేదట.
ఇప్పుడు ఆమె ఛాతీ దాకా వచ్చింది.
గొట్టం పెరగలేదు.
నీళ్లు పోయిన నేల
ఎండి, గాలికి లేచి, తనలోకి తనే కుంగి,
ఏటా చిటికెనవేలు మందాన
దిగిపోతూ వచ్చింది.

"ఉల్లి పొరలు ఒలిచినట్టు ఒలుచుకు తిన్నాం,
నువ్వన్నది నిజమే కాజిక్" అంది.
"మంచివాళ్లమని కాదు ఈ సంతకం.
మనం చేసిందెంతో చెప్పడానికి
ఇక్కడ ఈ గొట్టమొక్కటే ఉంది.
దీని చుట్టూ కాంక్రీటు పోస్తే
నేల ఎప్పటికీ ఇంతే ఎత్తున ఉన్నట్టుంటుంది."

అక్కడే, ఆ గొట్టం మీదే కాగితం ఆనించి
అంచున ఒక వాక్యం రాసింది:
కింది పదకొండు ఎకరాలూ మళ్లీ నీళ్లకే.
దానికి వేరే పేజీ కావాలంది లాయరమ్మ.
అయితే పదిహేను పేజీలంది హలీనా.

కాజిమీర్ సంతకం పెట్టాడు,
అక్క పేరుకంటే చిన్న అక్షరాల్లో,
ఎవరివైపూ చూడకుండా.

ఏప్రిల్లో ఏదో హద్దురాయి సరిచూడ్డానికి
మళ్లీ వెళ్లాను.
తూము పలక దించేశారు.
నిరుడు ఏరకుండా వదిలేసిన ఉల్లిగడ్డలు
మోకాలి లోతు నీళ్లలో
అమాయకంగా మొలకలెత్తి ఉన్నాయి, కుళ్లబోతూ.
దూరంగా రెల్లులో ఏదో ఒక పిట్ట,
పేరు తెలియదు.

కాజిమీర్ రబ్బరు బూట్లతో నీళ్లలో వంగి
గొట్టానికి, నేల తగిలేచోట,
ఆకురాయితో గీత గీస్తున్నాడు.
"ఇక్కణ్ణుంచి కిందికి పోతుందో
పైకొస్తుందో చూద్దాం" అన్నాడు.

నాతో కాదు,
గీతతో.